పాత ఆర్మీ వన్ టన్ ట్రక్కును అసలు రూపానికి తేవడం ఎలా?

జబల్‌పూర్‌లో తయారై మన సైన్యంలో దశాబ్దాల పాటు తిరిగిన మూడు బండ్లను పాతతరం జవాన్లు ఇప్పటికీ పేరుపెట్టి తలచుకుంటారు. మూడు టన్నుల శక్తిమాన్, జీపు కంటే కాస్త పెద్దదైన జోంగా, ఈ రెండింటి నడుమ నిస్సాన్ వన్ టన్. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో శక్తిమాన్ తయారీ 1959లో గన్ క్యారేజ్ ఫ్యాక్టరీలో మొదలైంది. 1969లో వెహికల్ ఫ్యాక్టరీ ఏర్పడ్డాక ఈ బండ్ల పనంతా అక్కడికి మారింది. జోంగా, వన్ టన్ రెండూ జపాన్ నిస్సాన్ డిజైన్లు. ఈ వ్యాసం వన్ టన్ గురించి. ఇంజిన్ ఒకే కుటుంబానిది కాబట్టి జోంగా ఉన్నవాళ్ళకు కూడా చాలావరకు పనికొస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఈ బండికి ఏది అసలు, ఏది తర్వాత తగిలించింది అని చెప్పే సాక్ష్యం చాలావరకు బండి మీదే ఉంటుంది. రంగు పొరల కింద, రివెట్టు కొట్టిన రేకుల మీద, బోల్టుల తలల మీద, డాష్‌బోర్డు వెనక ఉంటుంది. దాన్ని ఫొటో తీసి రాసుకోకముందే గ్రైండర్ పెడితే ఇక తిరిగి రాదు. మన దగ్గర పాత ఆర్మీ బండ్లను పాడుచేస్తున్నది తుప్పు కంటే తొందరే ఎక్కువ.

ముందు కాగితాలు

సైన్యం తీసేసిన బండ్లు వేలంలో అమ్ముడవుతాయి. ఈ మధ్య ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఆన్‌లైన్ వేలం ద్వారా పోతున్నాయి. మీ చేతికి వచ్చేసరికి బండి ఇద్దరు ముగ్గురి చేతులు మారి ఉంటుంది. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సినవి ఇవి: సైన్యం ఇచ్చిన అమ్మకం, విడుదల పత్రాలు, ఆ తర్వాత జరిగిన సివిల్ రిజిస్ట్రేషన్ ఆర్సీ, ఒక్కో అమ్మకానికి సంబంధించిన కాగితం. చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం అతికించి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీయండి. ఆ ప్రింట్‌ను ఆర్సీతో అంకె అంకె పోల్చి చూడండి. ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడితో ఆగిపోండి. ఎంత చక్కటి బండి అయినా సరే.

ఆర్సీలో ఇంధనం దగ్గర ‘డీజిల్’ అని ఉంటే ఆశ్చర్యపోవద్దు. సైన్యం నుంచి బయటికొచ్చిన వన్ టన్‌లకు, జోంగాలకు పెట్రోల్ ఇంజిన్ పీకేసి డీజిల్ ఇంజిన్ బిగించడం మామూలే. మైలేజీ కోసం ఆ పని చేశారు. మీరు మళ్ళీ పెట్రోల్ ఇంజిన్ పెట్టాలనుకుంటే అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వచ్చే మార్పు. ఆర్టీఏ ఆఫీసులో ముందే దరఖాస్తు చేసి, అనుమతి చేతికి వచ్చాకే ఇంజిన్ దించండి.

ఏ నాటి రూపానికి?

ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలాగా, లేక యూనిట్‌లో పనిచేసిన రోజుల్లో ఎలా ఉందో అలాగా? ఈ రెండూ ఒకటి కావు. సైన్యం తన బండ్లను బేస్ వర్క్‌షాపుల్లో పూర్తిగా విప్పి ఓవర్‌హాల్ చేసేది. అక్కడ ఇంజిన్లు మారేవి, భాగాలు ఒక బండివి ఇంకో బండికి వెళ్ళేవి. కాబట్టి ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు జత కుదరకపోయినంత మాత్రాన అది నకిలీ అనుకోవద్దు, కాగితాల్లో ఆ ఇంజిన్ నంబరు ఉంటే చాలు. ఓవర్‌హాల్ జరిగినట్టు చెప్పే చిన్న రేకు ఎక్కడైనా రివెట్టు కొట్టి ఉంటే దాన్ని మాత్రం పీకకండి.

నా సలహా అడిగితే, సర్వీసులో ఉన్నప్పటి రూపాన్నే ఎంచుకోండి. ఫ్యాక్టరీ రోజుకు తేవాలంటే ఎన్నో వివరాలు ఊహించాల్సి వస్తుంది. సర్వీసు రూపానికి ఆధారాలు బండి మీదే దొరుకుతాయి.

ఆ ఆధారాలు తీసే పద్ధతి ఇది. ముందు బంపరు, తలుపు, వెనక డాలా, మడ్గార్డు, ఇలా నాలుగైదు చోట్ల అరచేయంత భాగం ఎంచుకోండి. 400 నంబరు వాటర్ పేపర్‌ను సబ్బునీళ్ళలో ముంచి గుండ్రంగా, ఒత్తకుండా రుద్దండి. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ అరిగేలా చూసుకోండి. తర్వాత 800, చివరికి 1500. నీళ్ళతో తుడిస్తే ఉల్లిపాయ కోసినట్టు పొరలు రింగులు రింగులుగా కనిపిస్తాయి. పైన చివరి సొంతదారు వేయించిన రంగు, దాని కింద లప్పం, ఆ కింద ఆలివ్ గ్రీన్, దాని కింద మరో ఆలివ్ గ్రీన్, అన్నిటికీ అడుగున ప్రైమర్. ఒక్కోసారి రెండు ఆకుపచ్చ పొరల మధ్య తెల్ల గీత ఒకటి తేలుతుంది. అక్కడ ఆపండి. అది ఏదో అంకె అంచు కావచ్చు. అక్కడి నుంచి కాగితాన్ని వేలి కొనతో పట్టుకుని గీత ఎటు పోతే అటే వెళ్ళండి. సైనిక నంబరు పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది. దాని పక్కనున్న రెండు అంకెలు బండి సైన్యంలో చేరిన సంవత్సరం. అది దొరికితే బండి వయసు మీకు తెలిసిపోయినట్టే. యూనిట్ గుర్తులు, బ్రిగేడ్, డివిజన్ లాంటి ఫార్మేషన్ల గుర్తులు కూడా బంపర్ల దగ్గర ఇలాగే బయటపడతాయి. ప్రతిదాని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, ట్రేసింగ్ కాగితం మీద అచ్చు గీసుకోండి. అక్షరాల మందం, ఎత్తు తర్వాత కావాలి.

పాత రంగుల్లో సీసం ఉంటుంది. పొడిగా రుద్దొద్దు, మాస్కు లేకుండా అసలొద్దు.

విప్పడం

ఒక్కో భాగం విప్పే ముందు నాలుగు వైపులా ఫొటో. బోల్టులు, వాషర్లు ఒక్కో భాగానివి ఒక్కో జిప్ కవర్లో వేసి, లోపల అట్టముక్క మీద పేరు రాసి పెట్టండి. కవరు మీద రాస్తే గ్రీజు తగిలి చెరిగిపోతుంది.

పట్టేసిన నట్లకు బజార్లో దొరికే స్ప్రే కంటే అసిటోన్, ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసేది) సగం సగం కలిపిన మందు బాగా పనిచేస్తుంది. పూసి ఒక రాత్రి వదిలేయండి. అది మండే ద్రవం కాబట్టి పూసిన చోట గ్యాస్ మంట పెట్టకండి. వేడి చేయాల్సి వస్తే ముందు శుభ్రంగా తుడిచి ఆరనివ్వాలి.

కొత్త బోల్టు వేసే ముందు థ్రెడ్ గేజ్ పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. ఈ ఇంజిన్ సిలిండర్ వ్యాసం 85.7 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 114.3. అంగుళాల్లో చూస్తే 3.375, 4.5. పుట్టుక అంగుళాల కొలతల్లో ఉన్న ఇంజిన్ ఇది. తర్వాత మెకానిక్‌లు చేతికందిన బోల్టు బిగించేసి ఉంటారు. కొలవకుండా ఎక్కిస్తే బ్లాకులో మరలు పోతాయి.

చక్రాల దగ్గర ప్రాణం జాగ్రత్త. మిలిటరీ ట్రక్కుల్లో లాక్ రింగు రిమ్ములు ఉంటాయి, రెండు ముక్కలు బోల్టులతో కలిపిన రిమ్ములూ ఉంటాయి. వాల్వ్ లోపలి పిన్ను పూర్తిగా తీసేసి, గాలి మొత్తం పోయిందని నిర్ధారించుకున్నాకే ఏ నట్టునైనా తాకండి. గాలి ఉండగా రింగు ఎగిరితే మనిషి ప్రాణమే పోతుంది. టైరు ఎక్కించి గాలి కొట్టేటప్పుడు ఇనుప బోను ఉన్న లారీ టైర్ల షాపుకే తీసుకెళ్ళండి.

చాసిస్, కమాన్లు

చాసిస్‌ను శాండ్ బ్లాస్టింగ్‌కు ఇవ్వొచ్చు, అది మందంగా ఉంటుంది. బానెట్టు, తలుపులు, మడ్గార్డులు మాత్రం ఇవ్వకండి. పల్చటి రేకు ఆ ఇసుక దెబ్బకు వంకర్లు పోతుంది. వాటికి రంగు తీసే రసాయనం, వైరు బ్రష్ చాలు. చాసిస్ నంబరున్న చోట టేపు మందంగా చుట్టి కప్పాలి. అక్కడ ఇసుక తగిలి అంకెలు చెరిగితే నంబరు దిద్దారన్న అనుమానం మీ మీదికి వస్తుంది.

శుభ్రమయ్యాక కమాన్ (పలకల స్ప్రింగు) బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్లు కలిసే చోట పగుళ్ళు వెతకండి. డై పెనెట్రెంట్ స్ప్రే కిట్ దొరుకుతుంది. ఎర్ర రంగు కొట్టి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్రటి వెంట్రుకలా తేలుతుంది. రివెట్లు వదులైతే వాటి మీద వెల్డింగ్ పెట్టి మూసేయడం మన దగ్గర అలవాటు. అలా చేయకండి. డ్రిల్లుతో తీసి మళ్ళీ రివెట్టే కొట్టించండి. విజయవాడ ఆటోనగర్‌లో, వైజాగ్ ఆటోనగర్‌లో లారీ చాసిస్‌ల మీద రోజూ పనిచేసే చేతులున్నాయి. కమాన్ కట్టలు విప్పి, పలకలు తిరిగి వంచి, సెంటర్ బోల్టులు, బుష్‌లు మార్చే పని కూడా అక్కడే అయిపోతుంది.

ఇంజిన్

ఆరు సిలిండర్ల వరస పెట్రోల్ ఇంజిన్, 3,956 సీసీ. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న బండి అయితే స్టార్టర్ జోలికి వెళ్ళకండి. ప్లగ్గులు ఆరూ తీసి, ఇందాక చెప్పిన మందే ఒక్కో రంధ్రంలో పోసి కొన్ని రోజులు ఓపిక పట్టండి. మధ్యమధ్యలో మళ్ళీ పోయండి. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా, ముందుకూ వెనక్కూ వేలెడంత కదపండి. గేరు వేసి ట్రాక్టరుతో లాగితే ఇంజిన్ వదులవుతుందని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. రింగులు విరిగేది, కనెక్టింగ్ రాడ్లు వంగేది అలాగే.

తిరిగితే కంప్రెషన్ చూడండి. సిలిండర్ల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే హెడ్డు దించాల్సిందే. బోరును, అంటే సిలిండర్ లోపలి వ్యాసాన్ని, పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా కొలిపించండి. ఇక్కడ చాలామంది తిప్పలు పడేది ఒకే విషయంలో: ముందు బోరు కొట్టించి తర్వాత పిస్టన్ల కోసం ఊళ్ళు తిరుగుతారు. ఈ ఇంజిన్ పిస్టన్లు అడగ్గానే ఇచ్చే షాపులు తక్కువ. ముందు పిస్టన్లు, రింగులు చేతికి రావాలి. ఆ పిస్టన్లను లేత్ వాళ్ళ చేతిలో పెట్టి వాటి కొలతకే బోరు తీయించాలి. ఓవర్‌సైజ్ దొరక్కపోతే స్లీవ్‌లు వేయించి స్టాండర్డ్ సైజుకు తేవచ్చు. క్రాంకు గ్రైండింగ్‌కు కూడా ఇదే సూత్రం. ముందు బేరింగ్ షెల్స్, తర్వాత గ్రైండింగ్.

విడిభాగాలకు ఢిల్లీలో కశ్మీరీ గేట్, పాత భాగాలకు మాయాపురి తిరగాల్సి ఉంటుంది. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపుల పనికి పేరుపడ్డ ఊరు, ఆర్మీ బండ్ల భాగాలు అక్కడా వాకబు చేయొచ్చు. బేరింగులు, ఆయిల్ సీళ్ళకు అంత దూరం పోనక్కర్లేదు. వాటి మీది నంబరు లేదా కొలత చెబితే సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనే దొరుకుతాయి.

ఇంధనం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఇంజిన్ తయారైన నాటి పెట్రోల్ ఇప్పుడు లేదు. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఆ సీసం పాత ఇంజిన్లలో వాల్వ్ సీట్లకు రక్షణగా ఉండేది. హెడ్డు ఎలాగూ దించారు కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది పాత రబ్బరును, కార్క్ ప్యాకింగులను మెత్తబరుస్తుంది, గాల్లోని తేమను పీల్చి ట్యాంకు అడుగున తుప్పు పట్టిస్తుంది. పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రం, కార్బ్యురేటర్ ప్యాకింగులు ఇథనాల్‌ను తట్టుకునే రకంవి వేయండి. బయటికి కనిపించే రూపం మారదు, బండి నడిరోడ్డు మీద మంటల్లో పడదు. ఇలాంటి చోట్ల అసలు భాగమే కావాలని పట్టుబట్టడం తగదు.

ట్యాంకుకు చిల్లు ఉంటే ఎంత కాలం ఖాళీగా ఉన్నా సరే, నేరుగా వెల్డింగ్ పెట్టొద్దు. లోపల ఆవిరి మిగిలే ఉంటుంది. రేడియేటర్ పని చేసేవాళ్ళకిచ్చి, ఆవిరి పట్టించి కడిగించి, తగరంతో అతికించండి.

ఇంజిన్ కట్టాక తొలి స్టార్టుకు ముందు ప్లగ్గులు తీసి, స్టార్టర్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా చూడండి. తర్వాతే ప్లగ్గులు బిగించండి. పక్కన అగ్నిమాపక సిలిండర్ తప్పనిసరి. కొత్త కామ్ షాఫ్ట్, ట్యాపెట్లు వేసి ఉంటే స్టార్టయిన వెంటనే ఐడిల్‌లో వదలకుండా 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు నడపండి.

ఈ పనిలో తెలుగువాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. సైన్యం బండ్లను రిపేరు చేసే ఈఎంఈ దళం కాలేజీ, శిక్షణ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడ పనిచేసి రిటైరై ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డవాళ్ళు చాలామంది. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో అయితే ఇంటింటికీ సైన్యంతో సంబంధం ఉంటుంది. అలాంటి పెద్దాయన ఒకరిని వెతుక్కుని వెళ్ళండి. ‘బాబాయ్ గారూ, ఒక్కసారి వచ్చి చూడండి’ అంటే కాదనరు. నాకు తెలిసిన ఒకాయన పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ట్యాపెట్ కవరు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, ఏ వాల్వ్ దగ్గర గ్యాప్ ఎక్కువుందో చెప్పేవారు. ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే అదే వాల్వ్. ఆయన మాటల్ని ఫోన్లో రికార్డు చేసుకోండి. ఏ బోల్టు ముందు తీయాలి, ఏ సీలు తిరగేసి వేస్తే ఆయిల్ కారుతుంది లాంటివి వాళ్ళకే తెలుసు.

బ్రేకులు, స్టీరింగ్, ఫోర్ వీల్

పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పాక గాలి కొట్టి దుమ్ము ఊదకండి. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

ఈ తరం బండ్లలో సాధారణంగా నాలుగు చక్రాలకూ ఒకే బ్రేక్ లైను. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా పెడల్ నేలకు అంటుతుంది. కాబట్టి మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, గొట్టాలు, హోసులు అన్నీ కొత్తవి వేయండి, లేదా కొత్తవాటితో సమానంగా చేయించండి. సిలిండర్ లోపల గుంటలు పడితే స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ వేయించొచ్చు. బయటి పోత అసలుదే ఉంటుంది. గొట్టాలకు మామూలు రాగి వాడొద్దు, కుదుపులకు పగులుతుంది. రబ్బరు కప్పులను పెట్రోల్‌తో కడగొద్దు, ఉబ్బిపోతాయి.

స్టీరింగ్ ఆర్ములకు, టై రాడ్లకు వెల్డింగ్ పనికిరాదు. పగులుంటే మార్చడమే.

ముందు యాక్సిల్ కొసల్లో ఉండే గుండ్ల మీద తుప్పు గుంటలు ఉంటే ఎన్ని సీళ్ళు మార్చినా గ్రీజు కారుతూనే ఉంటుంది. ముందు ఆ గుండును నున్నగా చేయించాలి. అంతా కూర్చాక ఫోర్ వీల్ లివర్‌ను తారు రోడ్డు మీద వేసి చూడకండి. ముందు, వెనక చక్రాలు మలుపులో వేర్వేరు దూరాలు తిరుగుతాయి, ఆ బిగువుకు గేర్లు పట్టేస్తాయి. మట్టి నేల మీదే పరీక్షించండి.

వైరింగ్, కాన్వాయ్ లైటు

రేడియో అమర్చిన బండ్లకు, మామూలు బండ్లకు వైరింగ్ తేడాగా ఉంటుంది. స్టార్టర్ మీద, డైనమో మీద ఉన్న రేకు చూసి వోల్టేజి తెలుసుకున్నాకే బ్యాటరీ కొనండి. పాత వైరింగ్ కట్టను ముక్కలు చేయకుండా మొత్తంగా బయటికి తీసి, ప్లైవుడ్ మీద పరిచి మేకులతో నిలిపి, దాని కొలతకే కొత్తది అల్లించండి.

తర్వాతి సొంతదారులు మొదట పీకేసేది కాన్వాయ్ లైటు. బండి వెనక అడుగున చిన్న దీపం, వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండుకు తెల్ల రంగు. యుద్ధ సమయంలో అన్ని లైట్లూ ఆర్పి వరసగా వెళ్ళేటప్పుడు వెనక డ్రైవరుకు ఆ దీపపు వెలుగులో కనిపించే తెల్ల మచ్చే దారి. పైనుంచి చూసే విమానానికి అది కనబడదు. మీ బండి డిఫరెన్షియల్ మీద మట్టి, గ్రీజు గీకినప్పుడు తెల్ల పొర తేలితే, దాని పైన ఎక్కడో దీపం బిగించిన రంధ్రాలు కూడా ఉంటాయి, వెతకండి. ఆ దీపాన్ని, దాని స్విచ్చునూ తిరిగి పెట్టండి.

కాన్వాస్, రంగు

వెనక కప్పుకు ప్లాస్టిక్ టార్పాలిన్ వేయొద్దు. మందపాటి నూలు కాన్వాస్ కొని, పాత కప్పు ముక్కలుంటే వాటి కుట్లు, తాడు దూర్చే ఇత్తడి కళ్ళ మధ్య దూరం కొలిచి, టెంట్లు కుట్టేవాళ్ళ దగ్గర కుట్టించండి.

రంగు దగ్గర చట్టం అడ్డొస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప వేరే ఏ మోటారు వాహనానికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. సైనిక నంబరు, బాణం గుర్తు పెట్టుకుని రోడ్డెక్కడం అంతకంటే పెద్ద నేరం అవుతుంది. ‘కొంచెం షేడ్ మార్చాం’ అని వాదించేవాళ్ళను చూశాను. చెక్‌పోస్టు దగ్గర ఆ వాదన నిలవదు, నిలవకూడదు కూడా. సైన్యం బండిని చూసి జనం, పోలీసులు దారిస్తారు. ఆ నమ్మకాన్ని మనం వాడుకోకూడదు.

కాబట్టి రోడ్డెక్కే బండికి ఆర్సీలో రాసిన సివిల్ రంగే వేయండి. ఇసుక రంగు, బూడిద రంగు ఈ ఆకారానికి నప్పుతాయి, మెరుపు లేకుండా మ్యాట్ వేయించండి. అసలు రంగును మాత్రం వదులుకోనక్కర్లేదు. ఆలివ్ గ్రీన్ బాగా మిగిలిన చిన్న భాగాన్ని, ఉదాహరణకు డాష్‌బోర్డు వెనక వైపును, రంగు వేయకుండా అలాగే ఉంచి పల్చటి మైనం పూయండి. బయట మీరు కనిపెట్టిన నంబర్లు, గుర్తులు ఉన్న చోట గీకి పారేయకుండా, మధ్యలో విడదీసే పొర ఒకటి వేసి దాని మీద కొత్త రంగు వేయించండి. రేపు ఏదైనా మ్యూజియం ఈ బండిని తీసుకుంటే ఆ పొర దాకా వెనక్కి వెళ్ళడానికి వీలుంటుంది. భారతీయ ప్రమాణాల ఐఎస్ 5 రంగుల పట్టికలో ఆలివ్ గ్రీన్ నంబరు 220. మీ బండిలోని పొరతో దాన్ని పోల్చి తేడా ఎంతుందో రాసిపెట్టండి, ఆ రంగు డబ్బా కొనకపోయినా.

రోడ్డెక్కించడం

2021లో వచ్చిన వింటేజ్ నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా, వ్యాపారానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లకు ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ బండిని రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు. మీ ఆర్సీలో గూడ్స్ వాహనం అని ఉంటే ఇది వర్తిస్తుందో లేదో మీ ఆర్టీఏలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మీరు మొదటి నుంచి దాచిన ఫొటోలు, పెన్సిల్ ప్రింట్లు, రసీదులు ఒక ఫైలుగా కుట్టించి పట్టుకెళ్తే తనిఖీ రోజు టెన్షన్ ఉండదు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు బరువు ఎత్తకుండా, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకుండా నడపండి. అయిదు వందలకు ఒకసారి ఇంజిన్ ఆయిల్ మార్చండి, పాత ఆయిల్‌ను తెల్ల గుడ్డలో వడకట్టి లోహపు తునకలున్నాయేమో చూడండి. హెడ్డు నట్లను ఇంజిన్ పూర్తిగా చల్లారాక టార్క్ పానాతో మళ్ళీ బిగించండి. చక్రాల నట్లు మొదటి యాభై కిలోమీటర్లకే ఒకసారి చూడాలి. కొత్తగా కట్టిన కమాన్ పలకలు సర్దుకుంటూ యూ బోల్టులు వదులవుతాయి, వాటినీ అప్పుడే చూసుకోండి.